జిల్లా తరఫున ఆంబోతు

చింతలంక నాటక పరిషత్తుకు అన్నీ ఉన్నాయి. హాలుంది, మైకుంది, జరీ అంచు మఖమలు తెర ఉంది, ముందు వరసలో పెద్దమనుషులకు మెత్తటి కుర్చీలున్నాయి, బీరువా నిండా శాలువాలున్నాయి. లేనిదల్లా జనమే. పోయినేడు నాటకాల పోటీల్లో స్టేజీ మీద ఉన్నవాళ్ళే కింద ఉన్నవాళ్ళకంటే ఎక్కువ. ఆ కింద ఉన్నవాళ్ళలో కూడా సగంమంది తర్వాతి నాటకంలో వేషాలున్నవాళ్ళు.

అలాంటి రోజుల్లో ప్రభుత్వంవారికి ఒక ఆలోచన వచ్చింది. వీడియో గేముల్లో కొట్లాట ఆటలున్నాయి కదా, వాటికి రాష్ట్ర పోటీలు పెడదాం, జిల్లాకొకరిని ఎంపిక చేసి పంపండి అన్నారు. ఎంపిక ఎవరు చెయ్యాలి? హాలూ, మైకూ, కమిటీ ఉన్నవాళ్ళెవరైనా చెయ్యొచ్చన్నారు. ఆ కాగితం నాలుగు ఆఫీసులు తిరిగి, ఎవరికీ అక్కర్లేక, చివరికి పరిషత్తు గుమ్మంలో వచ్చి పడింది. వీడియో గేమంటే ఏమిటో కమిటీలో ఒక్కరికీ తెలియదు. పోటీ అంటే తెలుసు. అది చాలనుకున్నారు.

ఈ కబురు విని ఊరు మొత్తం మీద గంతేసింది ఒక్క నూకరత్నమే.

రత్నం పగలంతా మేనత్త వరాలమ్మ గాజుల కొట్లో కూర్చుంటుంది. బేరం లేనప్పుడల్లా కొట్టు వెనక గదిలో పాత టీవీకి తగిలించిన పెట్టె ముందు చేరి 'దెబ్బకు దెబ్బ' అనే ఆట ఆడుతుంది. ఇద్దరు మనుషులు, నాలుగు చేతులు, చేతనైతే కొట్టు, చేతకాకపోతే పడు. అంతే ఆట. రత్నం కర్రసాము చేసే ఆడమనిషి బొమ్మనే ఎప్పుడూ ఎంచుకుంటుంది. ఆ బొమ్మ కర్ర ఎత్తి దించేలోపు ఎదుటివాడి కాలు ఎటు కదులుతుందో చూసి దెబ్బ మార్చగలదు. అది ఊరికే రాలేదు. ఎనిమిదేళ్ళు, వేళ్ళకు కాయలు కాసేదాకా ఆడితే వచ్చింది.

రాష్ట్ర పోటీల్లో గెలిచినవాళ్ళకు ఆటల అకాడమీలో శిక్షకురాలి ఉద్యోగం ఇస్తారట. కాకపోతే పాతికేళ్ళు దాటకూడదు. రత్నానికి వచ్చే దసరాకి దాటిపోతాయి. ఇదే మొదలు, ఇదే ఆఖరు.

"గవర్మెంటు ఉజ్జోగమేనంటే?" అంది వరాలమ్మ, నమ్మకం లేక.

"గవర్మెంటుదే అత్తా. పర్మనెంటు."

"కొట్టుకున్నోళ్ళకి ఉజ్జోగాలిత్తారా? మరయితే మీ మావయ్యకి ఈపాటికి కలెక్టరు పని రావాలే!"

మొదటి రోజు పోటీలు ఉత్సాహంగానే మొదలయ్యాయి. స్టేజీ మీద పెద్ద తెర, దాని పక్కన బల్ల, బల్ల దగ్గర కంప్యూటరు చూసుకునే చిట్టిబాబు. ముందు వరసలో పరిషత్తు అధ్యక్షులు విరూపాక్షరావు గారు. ఈయన తహసీల్దారుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం సాయంత్రాలు రాజు వేషాలు వేసేవారు. అందువల్ల ఏం మాట్లాడినా సగం ఫైలులాగా, సగం పద్యానికి ముందు వచ్చే వచనంలాగా ఉంటుంది. ఆయన పక్కన కార్యదర్శి గంధం సత్తిరాజు, శాలువాల బీరువా తాళాలు నడుముకు కట్టుకుని.

రత్నం ఆడింది. గెలిచింది. మళ్ళీ ఆడింది. మళ్ళీ గెలిచింది. ఎదుటివాడు కుర్చీ సర్దుకునేలోపు ఆట అయిపోతోంది. విరూపాక్షరావు గారికి ఆవలింత వచ్చింది.

"ఏమిటయ్యా సత్తిరాజూ ఇది? ఇద్దరు పాత్రధారులు. రావడం, కొట్టుకోవడం, ఒకడు పోవడం. మలుపేదీ? దైవఘటన ఏదీ? ప్రేక్షకుడు గుండె చేత్తో పట్టుకోవలసిన ఘట్టమేదీ?"

"లేదండి" అన్నాడు సత్తిరాజు, అది తన తప్పే అన్నట్టు.

ఆయన చూపు తెర మీద ఒక మూలకు పోయింది. "చిట్టిబాబూ, అచ్చట ఎర్రగా ఉన్నదేమి?"

"అదా అండి, స్విచ్చండి. ఆకస్మిక ఘటనలంటారండి. అది ఆన్ చేశామనుకోండి, సంత బొమ్మ ఉంది కదండీ, ఆ సంతలోకి మధ్యలో ఆంబోతు వచ్చేత్తాదండి. చెప్పి రాదండి. ఎప్పుడొత్తాదో ఎటునించొత్తాదో ఎవరికీ తెలీదు. అడ్డున్నోళ్ళని ఎగరేసి పోతాదండి. అందుకనే పోటీల్లో ఎక్కడైనా అది ఆపేత్తారండి."

విరూపాక్షరావు గారు లేచి నిలబడ్డారు. ఉత్తరీయం జారింది. "రచయిత ఆంబోతు పాత్రను సృష్టించి ఉండగా, అట్టి పాత్రను కత్తిరించుటకు మీకు అధికారం ఎవరిచ్చారయ్యా?"

చిట్టిబాబు బల్ల మీదికి వంగాడు. స్విచ్చి ఆన్ చేశాడు. ఎర్ర దీపం వెలిగింది.

రత్నం స్టేజీ దిగి వచ్చి మర్యాదగానే చెప్పింది. "అయ్యా, ఇంట్లో నలుగురం కూర్చుని నవ్వుకోడానికైతే ఆంబోతు బానే ఉంటాదండి. మేవూ పెట్టుకుంటాం. పోటీలో పెడితే ఎవరు బాగా ఆడారో ఎలా తెలుత్తాదండీ?"

"జీవితంలో ఆంబోతు రాదా అమ్మా?"

"వత్తాదండి. వత్తే దాన్ని పోటీ అనరండి, ఆసుపత్రంటారు."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. విరూపాక్షరావు గారు నవ్వలేదు. "నేను మహారాజు వేషంలో ఉండగా కిరీటం జారి ముక్కు మీద పడింది. ఆగితినా? పైనుంచి పరదా తెగి మీద పడింది. ఆగితినా? పరదా లోపలినుంచే సంభాషణ చెప్పితిని. చప్పట్లు కొట్టిరి. కళాకారుడనువాడు దేనికైనా సిద్ధపడవలెను."

ఆ సాయంత్రమే తీర్మానం చేశారు. "పోటీయందు అనిశ్చితిని సమకూర్చుట ద్వారా, ప్రతిభ లేనివారికి సైతం ప్రతిభ ఉన్నవారితో సమానమగు అవకాశము కల్పించుట పరిషత్తు యొక్క ధ్యేయమై యున్నది." సత్తిరాజు దాన్ని మైకులో రెండుసార్లు చదివాడు. రెండోసారి ఇంకా బాగుందన్నారు.

మర్నాటినుంచి చింతలంక మారిపోయింది.

సోడా కొట్టు అప్పన్న పోటీలో పేరిచ్చాడు. అప్పన్న జన్మలో గేము ఆడినవాడు కాదు. మీటల పెట్టెను తలకిందులుగా పట్టుకుని, ఎక్కడ నొక్కాలో తెలియక చిట్టిబాబు వంక చూస్తూ కూర్చున్నాడు. ఎదురుగా ఉన్నది పక్క మండలంలో పేరుమోసిన ఆటగాడు. అతను ఎగిరి తన్నబోయాడు. సరిగ్గా అప్పుడే కుడివైపునుంచి ఆంబోతు వచ్చి, ఆ ఎగిరినవాణ్ణి ఎగిరినట్టే తీసుకుపోయింది. అప్పన్న గెలిచాడు. హాలు హోరెత్తిపోయింది. అప్పన్న లేచి అందరికీ దణ్ణం పెట్టి, "నాదేవుందండి, అంతా ఆంబోతు గారి దయ" అన్నాడు.

ఆ మాట ఊరంతా పాకింది. కళ్ళజోడు మర్చిపోయి వచ్చిన రిటైర్డు పోస్టుమాస్టరు ఒక ఆట గెలిచాడు. మందార నూనె అమ్ముకునే ఆయన రెండు గెలిచాడు. జనం విరగబడ్డారు. హాలు బయట వేరుసెనక్కాయల బండ్లు, బజ్జీల బండ్లు వెలిశాయి. ఒక దాణా కంపెనీ ఏజెంటు ముందుకొచ్చి పరిషత్తుకు దాతగా ఉంటానన్నాడు. రోడ్డుకు అడ్డంగా ఆంబోతు బొమ్మతో బ్యానరు కట్టారు. దాని కింద విరూపాక్షరావు గారు చేతులు జోడించి నవ్వుతున్నారు. ఎవరు ఎవర్ని స్వాగతిస్తున్నారో తెలియకుండా ఉంది.

రత్నం కొట్టు వెనక గదిలో ఆంబోతును ఆన్ చేసుకుని అభ్యాసం మొదలుపెట్టింది. ఎప్పుడొస్తుందో ఏదైనా గుర్తుంటుందేమోనని చూసింది. దుమ్ము లేస్తుందా, గంట మోగుతుందా, కోళ్ళు చెదురుతాయా. ఏమీ లేదు. ఒకసారి వెంటవెంటనే రెండుసార్లు వచ్చింది. ఒకసారి ఆట మొత్తం అయిపోయినా రాలేదు.

వరాలమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "పొద్దుటినించీ కొట్టుకుంటున్నావు. ఏం నేర్చుకున్నావే?"

"ఏం లేదత్తా. వత్తే పడతాను, రాపోతే గెలుత్తాను."

"దానికి ఆడ్డం ఎందుకు? కూచుంటే సరిపోద్దిగా."

అంతకంటే సరిగ్గా ఆ ముక్క ఎవరూ చెప్పలేరనిపించింది రత్నానికి. ఆ మాటే అర్జీగా రాసి పట్టుకుపోయింది.

అర్జీ మీద ఉపసంఘం వేశారు. దానికి ఆంబోతు ఉపసంఘమని పేరు. ఉపసంఘం కాఫీ తాగి, తర్జనభర్జనలు పడి, అర్జీలో న్యాయముందని ఒప్పుకుంది. ఆంబోతు విషయంలో అన్యాయం జరుగుతున్న మాట నిజమే. అది అంత కష్టపడుతుంటే దానికి మార్కులేవీ?

పరిషత్తులో ఏ పాత్రకైనా మార్కులుంటాయి. రాజుకుంటాయి, భటుడికుంటాయి, నోరు విప్పకుండా విసనకర్ర విసిరే దాసీకి కూడా ఉంటాయి. ఆంబోతుకు లేకపోవడం న్యాయం కాదన్నారు. ప్రవేశానికి ఇన్ని, గమనానికి ఇన్ని, రంకెకు ఇన్ని అని పట్టిక వేశారు. ఆటగాళ్ళకు మాత్రం వాళ్ళు కొట్టిన దెబ్బలకే మార్కులు. వాళ్ళు రంకె వెయ్యరు కదా.

"అనిశ్చితి తెర లోపల మాత్రమే ఉన్నచో చాలునా?" అని విరూపాక్షరావు గారు ఇంకో మెట్టు ఎక్కారు. "తెర వెలుపల కూడా ఉండవలదా?"

దానికీ తీర్మానమైంది. ఆట మధ్యలో ఫ్యాను ఆగొచ్చు. మైకు కుయ్యిమనొచ్చు. అధ్యక్షులవారు ఆకస్మికంగా ప్రసంగించవచ్చు. దాతలెవరైనా విచ్చేస్తే ఆకస్మిక సన్మానం జరగొచ్చు. నిజానికివన్నీ పరిషత్తులో తరతరాలుగా జరుగుతున్నవే. నాయిక విషం తాగబోతుంటే ఆపి, సిమెంటు డీలరు గారికి దండ వేసిన సందర్భాలు బోలెడు. ఇప్పుడు వాటికి నియమావళిలో చోటు దొరికింది, అంతే తేడా.

"అయ్యా, నా అర్జీ?" అంది రత్నం.

"పరిష్కరింపబడినది" అన్నాడు సత్తిరాజు.

ఫైనల్సుకు రత్నం వచ్చింది. ఎలా వచ్చిందంటే, సెమీసులో ఆంబోతు అప్పన్ననే ఎగరేసింది. అప్పన్న అప్పుడు కూడా దణ్ణమే పెట్టాడు. రత్నానికి ఎదురు ఫణీంద్ర, లంక ఆవలి ఊరి కుర్రాడు. బాగా ఆడతాడు, మర్యాదస్తుడు. స్టేజీ ఎక్కేముందు, "అక్కా, మనిద్దరం మామూలుగా ఆడుకుంటే బాగుండేది కదా" అన్నాడు.

"ఆడదాం తమ్ముడూ. మనల్ని ఆడనిత్తే."

మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్ళు విజేత. హాల్లో ఇసక వేస్తే రాలదు. వరాలమ్మ కొట్టు మూసి వచ్చి, జేబురుమాలు పరిచి మెట్ల మీద కూర్చుంది.

మొదటి ఆట రత్నం గెలిచింది. ఆంబోతు రాలేదు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన మైకు తీసుకుని, "ముఖ్యపాత్ర ప్రవేశించకముందే అంకం ముగించేశారు. తొందరపాటు. మార్కులు తగ్గించడమైనది" అన్నాడు.

రెండో ఆటలో ఫణీంద్ర బొమ్మకు ప్రాణం చివర్న ఎర్ర గీతంత మిగిలింది. రత్నం కర్ర ఎత్తింది. ఒక్క దెబ్బ. ఆ దెబ్బతో అకాడమీ, ఉద్యోగం, అన్నీ. అప్పుడు మైకు కుయ్యిమంది. "దాతగారు విచ్చేశారు! ఆకస్మిక సన్మానం!" దాణా కంపెనీ ఏజెంటు స్టేజీ ఎక్కాడు. తన శాలువా తాను కప్పించుకుని, అంతటితో ఆగక, ఆడబిడ్డను ప్రోత్సహించాలని ఇంకో శాలువా పట్టుకుని రత్నం దగ్గరికి వచ్చాడు. శాలువా వస్తుంటే ఎవరైనా ఏం చేస్తారు? చిన్నప్పటినుంచీ అలవాటైన మర్యాద. రత్నం తల వంచింది.

తల ఎత్తేసరికి ఆమె బొమ్మ నేల మీద ఉంది.

"సారీ అక్కా, చెయ్యి ఆగలేదు" అన్నాడు ఫణీంద్ర, ముఖం ఎర్రగా చేసుకుని.

మూడో ఆట. ఇద్దరికీ చెమటలు. ఫ్యానాగింది. వెనకనుంచి విరూపాక్షరావు గారు ఆకస్మికంగా ప్రసంగించడం మొదలుపెట్టారు. రత్నానికి ఏమీ వినబడటం లేదు. ఫణీంద్ర కాలు కదిలింది, ఆమె కర్ర మార్చింది. తగిలింది. అతను తిరగేసి కొట్టాడు. తగిలింది. ఇద్దరికీ ఎర్ర గీతలే మిగిలాయి. ఇద్దరూ ఒకేసారి ముందుకు దూకారు.

ఎడమవైపునుంచి ఆంబోతు వచ్చింది.

ఇద్దర్నీ కలిపి ఎత్తి, ఒకణ్ణి బెల్లం దుకాణం మీద, ఒకత్తెను తట్టల మీద పడేసి, సంత నడిబొడ్డున నిలబడి తోక ఆడించింది. హాలు కప్పు ఎగిరిపోయేలా ఈలలు.

తెర మీద 'సమానం' అని పడింది. "డ్రా అయ్యిందండి. ఇంకో ఆట ఆడించాలండి" అన్నాడు చిట్టిబాబు.

"సమానమా?" విరూపాక్షరావు గారు ప్రసంగం ఆపి వేదిక ఎక్కారు. "ఎవరు పడిపోయారో, ఎవరు నిలబడి ఉన్నారో యావన్మంది ప్రేక్షకులూ చూచుచుండగా సమానమెట్లగును? సత్తిరాజూ, మార్కులు చదువు."

సత్తిరాజు చదివాడు. ప్రవేశంలో ఆంబోతు ప్రథమం. గమనంలో ఆంబోతు ప్రథమం. రంకెలో పోటీ లేదు.

"కావున జిల్లా తరఫున రాష్ట్ర పోటీలకు ఆంబోతు ఎంపికైనదని ప్రకటించుటకు మిక్కిలి సంతసించుచున్నాము."

జనం చప్పట్లు కొట్టారు. కొట్టాక కొందరు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. చూసుకుని, అప్పటికే మొదలుపెట్టారు కనక, మళ్ళీ కొట్టారు.

రత్నం మైకు లాక్కుంది. "అయ్యా, ఆంబోతుకి ఆధార్ కార్డుందాండీ?"

"సాంకేతిక విషయములు తదుపరి పరిశీలింపబడును."

"వయసెంతండీ దానికి?"

సత్తిరాజు చిట్టిబాబు చెవిలో ఏదో అడిగి వచ్చాడు. "ఈ ఆట వచ్చి తొమ్మిదేళ్ళయిందట. అంటే ఆంబోతుకి తొమ్మిదేళ్ళు. పాతికేళ్ళ లోపే. అర్హతుంది." రత్నం వంక జాలిగా చూశాడు. "నీకే అమ్మా, వచ్చే ఏడాదికి ఇబ్బంది."

రత్నానికి ప్రోత్సాహక బహుమతిగా ఒక స్టీలు డబ్బా ఇచ్చారు. ఇంటికెళ్ళేదాకా దాన్ని వరాలమ్మే మోసింది. తలుపు తీశాక వరాలమ్మ, "డబ్బా మంచిదేలే" అంది. అప్పుడు ఏడ్చింది రత్నం.

రెండు రోజులకు సత్తిరాజే కొట్టుకు వచ్చాడు. గాజులు చూస్తున్నట్టు నటించి, గొంతు సవరించుకున్నాడు. "ఒక చిక్కొచ్చింది తల్లీ. ఆంబోతుని పంపాలంటే ఎలా పంపాలి? చిట్టిబాబు పెన్ డ్రైవులో పెట్టిచ్చాడు. కానీ మనిషి ఆడితేగాని అది బయటికి రాదంట. మరి అధ్యక్షులవారేమన్నారంటే, మన నాటకాల్లో గుర్రం వేషం ఉంటాది కదా, తోలు లోపల మనిషుంటాడు కదా..."

"ఉంటాడండి."

"అలాగ, ఆంబోతు లోపలి మనిషిగా నిన్ను పంపమన్నారు. పేరు రాదు. చార్జీలిత్తారు."

వరాలమ్మ గాజుల పెట్టె మూత టప్పున మూసింది. "మా పిల్లని ఆంబోతు కడుపులో పెడతారా?"

"వెళ్తాను" అంది రత్నం.

రాష్ట్ర పోటీల దగ్గర బల్ల వెనక కూర్చున్న అధికారి తల ఎత్తకుండా అడిగాడు. "చింతలంక. పోటీదారు పేరు?"

"ఆంబోతండి" అన్నాడు సత్తిరాజు, మఖమలు సంచిలోంచి పెన్ డ్రైవు తీస్తూ. దానికి చిన్న శాలువా చుట్టి ఉంది.

"ఇంటిపేరా?"

"కాదండీ, అది..."

సత్తిరాజు కాలు తొక్కింది రత్నం. "ఇంటిపేరేనండి" అంది.

"ఊఁ. లోపలికి పోండి."

లోపల ప్రతి తెర మీదా స్విచ్చి ఆపేసి ఉంది. ఆ ఎర్ర దీపం వెలగకపోవడం చూసి రత్నానికి కళ్ళు చెమర్చాయి. కూర్చుంది. ఎదుటివాడి కాలు చూసింది. కర్ర మార్చింది. ఎవరూ శాలువా తేలేదు, ఎవరూ ప్రసంగించలేదు. ఓడినవాళ్ళు లేచి చెయ్యి కలిపి వెళ్ళిపోయారు. సాయంత్రానికి ఆమే విజేత. కప్పు మీద 'ఆంబోతు, చింతలంక' అని చెక్కారు.

ఊళ్ళో బ్యాండుతో ఎదురొచ్చారు. విరూపాక్షరావు గారు మైకు అందుకున్నారు. "స్విచ్చి ఆపివేసినను, తెర మీద కనిపించకుండగనే మన ఆంబోతు గెలుపొందినది. అదీ నటన!"

ఆ తర్వాత వారానికి అకాడమీనుంచి ఉత్తర్వు వచ్చింది. ముఖ్య శిక్షకులు, పర్మనెంటు పోస్టు, శ్రీ ఆంబోతు గారికి. రత్నం అకాడమీ ఆఫీసుకు పోయి, ఆ పేరు తనదేనని, ఆడింది తనేనని చెప్పుకుంది. గుమాస్తా ఆమె ఆధార్ కార్డు చూశాడు. అందులో ఆంబోతు లేదు. పరిషత్తునుంచి ఇద్దరూ ఒకరేనని రాయించుకు రమ్మన్నాడు.

విరూపాక్షరావు గారు అంతా ఓపిగ్గా విన్నారు. "వేషం వేరు, లోపలి మనిషి వేరు అమ్మా. మూడు దశాబ్దములు రాజు వేషం వేసితిని. రాజ్యము నాదని అర్జీ పెట్టితినా? అబద్ధపు ధ్రువపత్రము మా వల్ల కాదు." గెలిచింది ఆంబోతు, లోపలి మనిషి రత్నం అని ఉన్నదున్నట్టే రాసి సంతకం చేశారు.

అకాడమీవాళ్ళు ఆ కాగితాన్ని చదివి, న్యాయమే అన్నారు. పర్మనెంటు పోస్టు ఆంబోతుదే. కాకపోతే ఆంబోతు లోపల మనిషి ఉండాలి కనక, రత్నాన్ని అవుట్‌సోర్సింగు మీద తీసుకున్నారు.

"పోనీలే" అంది వరాలమ్మ. "మీ మావయ్యకి అది కూడా రాలేదు."

అకాడమీలో కిటికీ పక్కన పెద్ద గది ఆంబోతు గారిది. తలుపు మీద ఇత్తడి బోర్డు, లోపల తిరిగే కుర్చీ, కుర్చీకి శాలువా. దాని ఎదురుగా వరండాలో తెరలు వరసగా పెట్టి రత్నం ఆట నేర్పుతుంది. వచ్చేవాళ్ళు ఎక్కువగా కొట్లలో, మిల్లుల్లో పనిచేసే ఆడపిల్లలు. మొదటి రోజే వాళ్ళకు ఒకటి చెప్పింది. ఎవరన్నా శాలువా పట్టుకుని వస్తే తల వంచొద్దు, చేతులు మీటల మీదినుంచి తియ్యొద్దు.

ఒకమ్మాయి ఆ ఇత్తడి బోర్డు చదివి అడిగింది. "మేడం, ఆంబోతు సార్ ఎప్పుడొత్తారండీ?"

"చెప్పి రారమ్మా" అంది రత్నం. "ఎప్పుడొత్తారో, ఎటునించొత్తారో ఎవరికీ తెలీదు. ఈలోగా ఆ స్విచ్చి ఆపండి. ఆట నేర్చుకుందాం."